పటాలెన్నండీ?

ఇనప సామాన్ల కొట్లో స్క్రూలు కొంటుంటే, వాటిని కాగితంలో పొట్లం కడుతూ కొట్టాయన, “మీ అట్టగోడాయన పోయాడండి, తెలుసా?” అన్నాడు. అప్పటికి పన్నెండు రోజులైందట. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మండపేటలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆయన రేషన్ కార్డు చూసినవాళ్ళే అయ్యుండాలి. మిగతా అందరికీ ఆయన అట్టగోడ మేస్త్రి. ఎదురుగా మేస్త్రి గారూ అనేవారు, వెనకాల అపశకున పక్షి అనేవారు. రెండో పేరు ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ముందు మా వైపు గోడల సంగతి చెప్పాలి. మాకు గోడంటే ఇటుక, సున్నం, తర్వాత సిమెంటు. అంతే. కొత్తిల్లు చూడ్డానికి వచ్చిన చుట్టాలు కాఫీ తాగుతూ తాగుతూ గోడమీద ఓ గుద్దు గుద్ది చూస్తారు. గోడ కదలకపోతే ఇంటాయన పరువు నిలబడినట్టు. మా మావయ్యగారైతే దీన్ని సూత్రంగా చెప్పేవారు. “గోడంటే గుద్దితే చెయ్యి నొప్పెట్టాలి” అని.

అలాంటి ఊళ్ళోకి మేస్త్రి గారు గుద్దితే డబ్బాలా మోగే గోడ తీసుకొచ్చారు. ఆరేళ్ళు గల్ఫ్‌లో ఉండి, అందరూ టేపురికార్డరూ బంగారం తెచ్చుకుంటే, ఆయన స్క్రూలు బిగించే మిషనొకటి, ఆ గోడ కట్టే విద్యా తెచ్చుకున్నారు. నేలమీద ఒక రేకు పట్టీ, పైన శ్లాబుకి ఒక రేకు పట్టీ, రెండిటి మధ్యా రెండేసి అడుగులకో నిలువు ఛానల్. దానికి అటూ ఇటూ జిప్సం బోర్డులు బిగించి, అతుకుల మీద కాగితం పట్టీ వేసి, లప్పం పూసి, రంగు కొడితే గోడ. మూడు రోజుల్లో అయిపోయేది. ఇటుకా లేదు, నీళ్ళు కొట్టడమూ లేదు. ఊరు దాన్ని చూసి ముక్కున వేలేసుకుని, అట్టగోడ అని పేరు పెట్టి, ఆ తర్వాత ఎగబడి కట్టించుకుంది.

ఎగబడక ఏం చేస్తుంది? ఊళ్ళో ప్రతిదీ ఇంకోటిగా మారిపోతున్న రోజులవి. బియ్యం గోడౌను కల్యాణ మండపం అయింది. లాయరు గారి వరండా ఎస్టీడీ బూత్ అయింది. మూతపడ్డ సినిమా హాలొకటి ఏకంగా ఇంటర్మీడియట్ కాలేజీ అయిపోయింది. నేల టిక్కెట్టు వైపు జూనియర్ ఇంటర్, బాల్కనీలో సీనియర్ ఇంటర్. మధ్యలో గదులన్నీ మేస్త్రి గారివే. ఒక గదిలో హాజరు పిలిస్తే పక్క గదిలోంచి “ప్రెజెంట్ సార్” అని పలికేవారు. లెక్కల మేష్టారు బోర్డుమీద గట్టిగా చుక్క పెడితే అవతల తెలుగు క్లాసులో పద్యం ఆగిపోయేది. అయినా ప్రాస్పెక్టస్‌లో ‘విశాలమైన ప్రత్యేక తరగతి గదులు’ అనే వేశారు.

మేస్త్రి గారు పొట్టిగా, బక్కగా, గాలికి ఎగిరిపోయేలా ఉండేవారు. పళ్ళ మధ్య ఎప్పుడూ నాలుగైదు స్క్రూలుండేవి. మాట్లాడాల్సి వస్తే వాటిని ఓ బుగ్గలోకి నెట్టి మాట్లాడేవారు. అందుకని ఆయన మాటలు తక్కువ. పెళ్ళింటికి వెళ్ళినా, డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఏదైనా గోడ కనిపిస్తే ఎడమ చెవి ఆనించి వేళ్ళ కణుపులతో కొట్టుకుంటూ పోయేవారు. డబ, డబ, డబ, టక్. టక్ అన్నచోట వెనకాల చెక్క పలక ఉన్నట్టు. ఇటుక గోడైతే మొదటి దెబ్బకే మొహం చిన్నబుచ్చుకునేవారు, దాన్లో వినడానికేమీ లేదని.

అట్టకి మేకు ఆగదు. అది ఆయన గోడలకున్న అసలు చిక్కు. చిన్న కేలండరైతే పరవాలేదు గానీ, బరువైనదేదైనా తగిలించాలంటే బోర్డు బిగించకముందే ఛానళ్ళ మధ్య అడ్డంగా ఒక చెక్క పలక పెట్టాలి. తర్వాత గుర్తొస్తే గోడ కొయ్యాలి. మా వైపు బరువైనది గోడకి ఏం తగిలిస్తారు? పోయినవాళ్ళ పటాలు. కాబట్టి ఆయన ఎక్కడ పని ఒప్పుకున్నా, టేపు తియ్యకముందే ఒక ప్రశ్న వేసేవారు. “పటాలెన్నండీ?” అని. ఇంతవరకూ బాగానే ఉంది. వాళ్ళు రెండనో మూడనో చెప్పాక ఇంకోటి అడిగేవారు. “మరి ఖాళీ ఎన్నింటికి ఉంచమంటారండీ?”

రాజమండ్రిలో ఒక పళ్ళ డాక్టరు గారి కొత్త క్లినిక్‌లో ఈ ప్రశ్న వేసినప్పుడు డాక్టరు గారి తండ్రి అక్కడే కుర్చీలో కూచుని బత్తాయి రసం తాగుతున్నారట. రసం గ్లాసు కింద పెట్టేశారట. మేస్త్రి గారు చెక్క పలకతో సహా మెట్లు దిగిపోయారు. సినిమా హాలు కాలేజీలో అయితే ఫౌండర్ గారినే అడిగారు. ఫౌండర్ గారికి నిండా నలభై లేవు, గదులింకా లేవకుండానే ఆ రోజు రిబ్బను కత్తిరించారు. మేస్త్రి గారి ఉద్దేశం పాపం మంచిదే. ఫౌండర్ అన్న ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు గోడమీద పటం ఉంటుంది కదా అని.

ఆయన ఇంకో అలవాటు చూసి మాత్రం ఎవరైనా నవ్వాల్సిందే. పలక ఉన్నచోట పెద్ద స్క్రూ బిగించాక, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాళ్ళు రెండూ పైకెత్తి వేలాడేవారు. మోకాళ్ళు ముడుచుకుని, గోడకేసి మొహం పెట్టి, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకుని దిగేవారు. దిగి లుంగీ సర్దుకుని, “ఆయ్, ఆగుద్దండి” అనేవారు. అదే ఆయన గ్యారంటీ కార్డు.

నాకు ఆయనతో పని పడింది కంప్యూటర్ సెంటర్ పెట్టినప్పుడు. రాజమండ్రిలో డిప్లొమా చేసొచ్చాను. మండపేటలో అమ్మాయిలు నేర్చుకోవడానికి ఒక్క చోటు లేదు. మాకు మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు పైన ఒక పొడుగాటి హాలుంది. అది మావయ్యగారి రాజ్యం. రిటైరైన హెడ్మాస్టరాయన. మధ్యాహ్నాలు అక్కడ పడక్కుర్చీలో పేపరు చదువుకునేవారు. ఎదురుగా దక్షిణం గోడకి ఆయన తాతగారు, నాయనమ్మ గారు, అమ్మా నాన్నా, నాలుగు పటాలు. టేకు చట్రాలు, మందం అద్దాలు. ఒక్కోటి దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

అప్పట్లో కంప్యూటరంటే గర్భగుడిలో విగ్రహమే. ఏసీ ఉండాలి, చెప్పులు బయట విడవాలి. హాలంతటికీ ఏసీ పెట్టించే స్తోమత లేదు కాబట్టి సగానికి గోడ కట్టాలి. ఇటుక గోడ బరువుకి శ్లాబు ఆగదని ఇంజినీరు చెప్పేశాడు. మెట్లు దక్షిణం వైపున్నాయి, ఆ సగం నాకు. అంటే పటాలున్న గోడ నా గదిలోకి వచ్చేస్తుంది. పితృదేవతలు దక్షిణం గోడనే ఉండాలి, నా కంప్యూటర్ల మీద ఉండకూడదు. కాబట్టి కొత్త గోడే మావయ్యగారి సగానికి దక్షిణం గోడ అవుతుంది, పటాలు దానికి తగిలించాలి. ఆయన పెట్టిన షరతు ఇదొక్కటే. “నాలుగూ మోస్తే నీ ఇన్‌స్టిట్యూట్ ఉంటుంది. ఒక్కటి ఒరిగినా నీ డబ్బాలు కిందకి దింపించేస్తాను అమ్మాయ్” అన్నారు.

నేను అప్పటికే మూడు కంప్యూటర్లు తెప్పించేశాను. పదకొండు మంది అమ్మాయిలు పేర్లిచ్చేశారు. ప్రారంభానికి ముహూర్తం పెట్టించేశాను. గోడ మాత్రం లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా వ్యవహారం. మావారు ఇలాంటి సమయాల్లో నిద్రపోతారు.

మేస్త్రి గారు వచ్చారు. హాలు చూశారు, పటాలు చూశారు. స్క్రూలు బుగ్గలోకి నెట్టి, “పటాలెన్నండీ?” అన్నారు. మావయ్యగారు నాలుగన్నారు. నేను వెనకనుంచి వద్దు వద్దని సైగ చేస్తూనే ఉన్నాను.

“ఆయ్. ఖాళీ ఎన్నింటికి ఉంచమంటారండీ?”

మావయ్యగారు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. తాతగారి తర్వాత తండ్రి, తండ్రి తర్వాత ఎవరో తేల్చుకోవడానికి ఆయనకి క్షణం పట్టలేదు. పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, నా వైపు చూసి మాత్రమే మాట్లాడారు. “నేనింకా కూచునే ఉన్నానని ఇతనికి చెప్పమ్మా. చెప్పి పంపించెయ్యి.” అంతటితో గోడా లేదు, ఇన్‌స్టిట్యూటూ లేదు.

మర్నాడు కాలేజీలో పనిచేస్తుంటే వెళ్ళి మేస్త్రి గారిని బతిమాలాను. పెద్దాయనకి ఒక్కసారి తప్పయిందని చెబితే సరిపోతుందన్నాను. ఆయన నోట్లోంచి స్క్రూలన్నీ తీసి చేతిలో పట్టుకున్నారు. అంత గౌరవం నాకెప్పుడూ ఇవ్వలేదు.

“మాట తప్పయితే చెప్పేవాణ్ణేనండి. నేను మాటనలేదు కదండీ, కొలత అడిగాను.”

ఈయనకి గల్ఫ్‌లో ఏదో జరిగుంటుందని, తండ్రి పటం గోడమీంచి పడి పగిలిపోయిందో ఏమిటో అని నేను మనసులో ఒక కథ అల్లేసుకున్నాను. ఎందుకండీ అందర్నీ అలా అడుగుతారు అని మెల్లిగా కదిపాను. కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికి కూడా సిద్ధంగానే ఉన్నాను. ఆయన విసుగ్గా చూశారు. ముందు అడక్కపోతే తర్వాత ఫోన్ చేసి పటం పడిపోయింది రమ్మంటారట. గోడ కోసి, పలక పెట్టి, మళ్ళీ అతికి రంగు వెయ్యాలట. పైగా అలా పిలిచేది ఇంట్లో చావు జరిగినప్పుడే కాబట్టి గట్టిగా కూలి కూడా అడగలేరట. “రిపేర్లకి తిరగలేనండి” అన్నారు. కథ అంతే.

నా అదృష్టం కొద్దీ ఆ వారమే మావయ్యగారు పిఠాపురం ప్రయాణం పెట్టుకున్నారు. పాదగయలో పెద్దలకి పిండప్రదానం, కుక్కుటేశ్వరుడి దర్శనం, అక్కడో చుట్టాలింట్లో రెండు రాత్రులు. బయల్దేరుతూ, పేర్లిచ్చిన అమ్మాయిల కోసం కాబోలు, ఆ మేస్త్రిని మొహం చూపించకుండా కట్టి పొమ్మను, నాలుగు పటాలకీ నేను తిరిగొచ్చాక పరీక్ష అని చెప్పి వెళ్ళారు. మూడు తరాలకి పిండాలు పెట్టి ఆయన వచ్చేసరికి ఇక్కడ గోడ లేచి, తెల్లరంగు కూడా ఆరింది.

పరీక్ష చేతికర్రతో మొదలైంది. గోడ డబడబా మోగింది. మావయ్యగారు నవ్వారు, ఫెయిలయ్యే పిల్లాడి పేపరు చేతికందినప్పుడు మేష్టార్లు నవ్వే నవ్వు. మొహం చూపించొద్దనిపించుకున్న మేస్త్రి గారు మూలలోంచి వచ్చి, వరసగా నాలుగు స్క్రూలకీ వేలాడారు. ఒక్కోదానికీ పది లెక్క. నాలుగో దాని దగ్గర లుంగీ జారబోతే ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో స్క్రూ పట్టుకుని కూడా లెక్క పూర్తి చేశారు. గోడ కిక్కురుమనలేదు. ఇద్దరు మనుషులు పటాలు ఎత్తి తగిలించారు. మావయ్యగారు పావుగంట వాటి ముందు నిలబడి చూసి, చివరికి అడిగారు.

“ఐదోది పెట్టావా?”

“తమరు నాలుగన్నారు కదండీ” అన్నారు మేస్త్రి గారు, గోడకేసి చూస్తూ.

నా సెంటరు తెరుచుకుంది. వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం, అవతలి సగంలోంచి చప్పుడు వినిపించింది. డబ, డబ. కాసేపాగి మళ్ళీ డబ. తొంగి చూస్తే మావయ్యగారు, మాజీ ప్రధానోపాధ్యాయులు, చెవి గోడకి ఆనించి, తండ్రి గారి పటం పక్కన వేలి కణుపులతో వెతుక్కుంటున్నారు. నేను వెనక్కి వచ్చేశాను. మూడో రోజు చప్పుడు మారింది. టక్.

గొడవైపోతుందనుకున్నాను. ఆయన పడక్కుర్చీని సరిగ్గా ఆ టక్ అన్నచోటు కిందకి జరిపించుకున్నారు. నెల తర్వాత నన్ను పిలిచి, గొంతు తగ్గించి, ఆ మేస్త్రిని ఒకసారి రమ్మను, ఎత్తు తప్పు పెట్టాడన్నారు.

మేస్త్రి గారొచ్చారు. బతికున్న మనిషీ, గోడ కట్టిన మనిషీ, ఇంకా తీయించని ఒక ఫొటో ఎత్తు గురించి గంటసేపు వాదించుకున్నారు. మా నాన్న పటం వరసలోనే నాదీ ఉండాలని ఆయన. తండ్రికన్నా కొడుకు ఒక అంగుళం కింద ఉండాలండి, ఎవరింట్లో అయినా నేను అలాగే పెడతానని ఈయన. నేను హెడ్మాస్టర్‌గా చేశాను, మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తా అని ఆయన. గోడకి ఉద్యోగాలు తెలవ్వండి అని ఈయన. చివరికి మేస్త్రి గారే ముగించారు. వెనకాల పలక ఆరంగుళాల వెడల్పుందట, స్క్రూ ఎక్కడ బిగించినా ఆగుతుందట.

“ఆ రోజు ఎక్కడ బిగించాలో మీవాళ్ళు చూసుకుంటారండి. తమరు చూడరు కదండీ.”

మావయ్యగారు పగలబడి నవ్వారు. నేను కాపరానికొచ్చిన తొమ్మిదేళ్ళలో ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత మేస్త్రి గారు ఆ దారిన వెళ్తే పైకొచ్చి కాఫీ తాగి వెళ్ళడం మామూలైపోయింది. ఇద్దరూ మాట్లాడుకునేదేమీ ఉండేది కాదు. ఒకరి నోట్లో స్క్రూలు, ఒకరి చేతిలో పేపరు.

ఆరేళ్ళ తర్వాత మావయ్యగారు పోయారు. పదకొండో రోజున పటం తగిలించడానికి మావారు కుర్చీ వేసుకుని ఎక్కి, గోడమీద కొట్టబోయి ఆగిపోయారు. అక్కడ పెన్సిలుతో సన్నగా ఇంటూ గుర్తుంది. హెడ్మాస్టరు గారి ఇంటూ గుర్తు ఊళ్ళో సగం మంది పరీక్ష పేపర్ల మీద చూసిందే. టేపు పెట్టి కొలిస్తే తండ్రి గారి పటంకన్నా సరిగ్గా అరంగుళం కింద. అంగుళం ఒప్పుకోలేదు, సమానమూ పట్టుబట్టలేదు. నాకు ఏడుపు ఆగలేదు. స్క్రూ మొదటి తిప్పుకే పట్టింది.

ఇప్పుడు మేస్త్రి గారే పోయారు. కొట్టాయన్ని దారి అడిగి, మర్నాడు ఆలమూరు అవతల ఆయన ఊరు వెళ్ళాను. చిన్న పాత ఇల్లు. నాలుగు పక్కలా మట్టీ ఇటుకా కలిసిన గోడలు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో ఆయన పటం, మెడలో బంతిపూల దండ. పాస్‌పోర్టు ఫొటో పెద్దది చేయించినట్టున్నారు. పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి, ఫొటోలోనూ స్క్రూలున్నాయేమో అనిపించింది. గోడమీద అయిదారు చోట్ల పెచ్చులు ఊడి ఉన్నాయి. అల్లుడు గారు పదకొండో రోజున మేకు కొట్టబోతే కొట్టిన ప్రతిచోటా సున్నం రాలిపోయిందట. అందుకని పటం ఇంకా కుర్చీలోనే ఉంది.

ముందు గదికీ వంటింటికీ మధ్య మాత్రం ఒక అట్టగోడ ఉంది. ఎక్కడెక్కడివో మిగిలిన ముక్కలతో కట్టుకున్నారు. ఒక ముక్క ఏదో ఆస్పత్రి నీలం. ఒక ముక్క మీద బాణం గుర్తు, పక్కన ‘ప్రిన్సిపాల్ గది’ అని సగం చెరిగిన అక్షరాలు. దీనికి తగిలించలేకపోయారా అని ఆయన భార్యనడిగాను. ఆవిడ నన్ను అమాయకురాల్ని చూసినట్టు చూసింది.

“అది అట్టండీ. మేకు ఆగదు” అంది.

ఊరందరి పటాలూ మోసిన మనిషి గోడని సొంత ఇంట్లోవాళ్ళు నమ్మలేదు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. లేచి వెళ్ళి చెవి ఆనించి కొట్టడం మొదలుపెట్టాను. ఆవిడ, కూతురు, అల్లుడు గారు, ముగ్గురూ నన్నే చూస్తున్నారు. డబ, డబ, డబ. మొదటి ముక్క అయిపోయింది. డబ, డబ. నాకు భయం పట్టుకుంది, అందర్నీ అడిగిన మనిషి తన సంగతి మర్చిపోయారేమోనని. నీలం ముక్క మీద, నా తలకి జానెడు పైన, టక్ అంది.

ఆయన స్క్రూడ్రైవరే తెమ్మని, నా బ్యాగులోనే ఉండిపోయిన నిన్నటి స్క్రూల పొట్లంలోంచి పెద్దది చూసి బిగించాను. పట్టింది. రెండు చేతులతో పట్టుకుని ఒక కాలు ఎత్తాను. రెండోది ఎత్తే ధైర్యం నాకు లేదు. అల్లుడు గారు పటం తెచ్చి తగిలించారు. ఆగింది.

ఆవిడ చాలాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత తనూ దగ్గరికొచ్చి, నేను చేసినట్టే చెవి పెట్టి పటం పక్కన కొట్టింది. టక్. చెయ్యి తీసేసి, మళ్ళీ పెట్టి కొట్టింది. టక్. పటానికి జానెడైనా దూరం లేదు, సరిగ్గా అదే ఎత్తులో.

ఆవిడ ఆ చోటు మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంది.

“ఊళ్ళో అందర్నీ అడిగేవాడండి. నన్నొక్కదాన్నీ అడగలేదు” అంది. కళ్ళు తుడుచుకుంది. “మరీ ఆనుకుని పెట్టాడు చూడండి, గాలాడకుండా.”

నేను స్క్రూడ్రైవరు పక్కన పెట్టబోయాను. ఆవిడ ఆపింది.

“దానికీ ఒకటి బిగించేయండమ్మా. అప్పటిదాకా ఖాళీగా ఎందుకూ, కూరల సంచీ తగిలించుకుంటాను.”

బిగించాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి సంచీ తెచ్చి తగిలించి, కిందకి ఒకసారి గట్టిగా లాగి చూసుకుంది.